ఆరాంఘర్ చౌరస్తాలో కరెంట్ అఫైర్స్: సివిల్స్ అభ్యర్థులు ఒక వార్తను ఎలా చదవాలి?

మెహదీపట్నంలో శంషాబాద్ వైపు వెళ్లే బస్సెక్కారనుకోండి. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ల నీడలో అత్తాపూర్, ఉప్పర్‌పల్లి దాటి శివరాంపల్లి మీదుగా ఆరాంఘర్ చౌరస్తా చేరుకుంటారు. సీట్లో కూర్చుని ఫోన్లో ‘ఈ రోజు 50 కరెంట్ అఫైర్స్ బిట్లు’ అనే పీడీఎఫ్ చదువుతున్నారు. కిటికీ బయట ఫ్లైఓవర్లు, జాతీయ రహదారి, ఎయిర్‌పోర్టుకు పరుగెత్తే కార్లు, ఒక పెద్ద శిక్షణ సంస్థ ప్రహరీ గోడ వెనక్కి పోతున్నాయి. మీరు తలెత్తలేదు.

పీడీఎఫ్‌లోని 50 బిట్లలో వారం తర్వాత మీకు గుర్తుండేవి ఎన్ని? కిటికీ బయట కనిపించే వాటి వెనక ఉన్న చట్టాలు, నిధులు, వివాదాలు అర్థమైతే ఎన్ని ప్రశ్నలకు జవాబు రాయొచ్చు? యూపీఎస్సీ, గ్రూప్-1, గ్రూప్-2 రాసేవాళ్లలో చాలామంది రెండు మూడేళ్లు పోగొట్టుకునేది ఈ తేడా దగ్గరే. కరెంట్ అఫైర్స్ అంటే ఏమిటో, ఎలా చదవాలో ఆరాంఘర్ చౌరస్తానే ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

పరీక్షలో కరెంట్ అఫైర్స్ ఎక్కడుంటాయి?

ముందు పరీక్ష స్వరూపం. సివిల్స్ ప్రిలిమ్స్‌లో రెండు పేపర్లు. జనరల్ స్టడీస్‌లో 100 ప్రశ్నలు, 200 మార్కులు. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత పడుతుంది. రెండోది సీశాట్. అందులో 33 శాతం తెచ్చుకుంటే చాలు, ఆ మార్కులు కలపరు.

మెయిన్స్‌లో ర్యాంకుకు లెక్కపెట్టేవి 1,750 మార్కులు. వ్యాసం 250, నాలుగు జనరల్ స్టడీస్ పేపర్లు ఒక్కోటి 250, ఆప్షనల్ రెండు పేపర్లు కలిపి 500. ఇంటర్వ్యూ 275. మొత్తం 2,025.

తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 150 మార్కులకు ఉంటుంది. మెయిన్స్‌లో ఒక్కోటి 150 మార్కుల చొప్పున ఆరు పేపర్లు, మొత్తం 900. ఇంగ్లిష్ పేపర్‌లో అర్హత సాధిస్తే చాలు. 2022 నుంచి గ్రూప్-1కు ఇంటర్వ్యూ లేదు. అంటే రాతలోనే అంతా తేలిపోతుంది.

వీటిలో ‘కరెంట్ అఫైర్స్’ అనే పేరుతో విడిగా పేపర్ ఎక్కడా లేదు. అవి పాలిటీలో, ఎకానమీలో, పర్యావరణంలో, విపత్తు నిర్వహణలో, వ్యాసంలో కలిసిపోయి వస్తాయి. ‘ఫలానా ఫ్లైఓవర్‌ను ఎప్పుడు ప్రారంభించారు?’ అని అడిగే రోజులు తగ్గిపోయాయి. ‘పట్టణ మౌలిక వసతులకు నిధులు సమకూర్చే పద్ధతులను పరిశీలించండి’ అని అడుగుతారు. ఆ జవాబులో ఉదాహరణగా వాడుకోవడానికి మీకు ఫ్లైఓవర్ కావాలి.

వార్త చదివాక వేసుకోవాల్సిన ఐదు ప్రశ్నలు

ఏ వార్తకైనా నోట్‌బుక్‌లో ఒక పేజీ చాలు. ఐదు ప్రశ్నలు వేసుకోండి.

1. జరిగింది ఏమిటి? (రెండు వాక్యాలు, ఒక తేదీ)
2. ఇది ఎవరి అధికారం? కేంద్రానిదా, రాష్ట్రానిదా, స్థానిక సంస్థదా? ఏ చట్టం కింద?
3. డబ్బు ఎవరిది? పన్నులా, అప్పా, ప్రైవేటు పెట్టుబడా?
4. ఎవరికి మేలు? ఎవరికి నష్టం? వాళ్లు ఏమంటున్నారు?
5. దీనికి ముందు ఏం జరిగింది?

మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయేవాళ్లు బిట్లు చదువుతున్నట్టు. ఐదో ప్రశ్న దాకా వెళ్లేవాళ్లు సబ్జెక్టు చదువుతున్నట్టు. ఇప్పుడు ఆరాంఘర్‌లో దిగుదాం.

ఫ్లైఓవర్: చిన్న వార్త, త్వరగా ముగించొచ్చు

ఆరాంఘర్ నుంచి జూపార్క్ దాకా ఉన్న ఫ్లైఓవర్‌ను 2025 జనవరి 6న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రారంభించారు. అంతకు కొద్ది రోజుల ముందు, 2024 డిసెంబర్ 26న మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్ మరణించారు. ఫ్లైఓవర్‌కు ఆయన పేరు పెట్టారు. పొడవు 4.08 కిలోమీటర్లు, ఆరు లేన్లు, ఖర్చు సుమారు రూ.800 కోట్లు. నగరంలో పొడవులో ఇది రెండోది. మొదటిది మెహదీపట్నం నుంచి ఇదే ఆరాంఘర్ దాకా వచ్చే 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే. దాన్ని 2009 అక్టోబర్‌లో ప్రారంభించారు.

ఇక్కడ పనికొచ్చే విషయం రెండో ప్రశ్నలో ఉంది. కొత్త ఫ్లైఓవర్‌ను కట్టింది జీహెచ్‌ఎంసీ, వ్యూహాత్మక రహదారుల అభివృద్ధి పథకం కింద. పాత ఎక్స్‌ప్రెస్‌వేను కట్టించింది పట్టణాభివృద్ధి సంస్థ. రెండూ కలిసే చోట ఉన్న రోడ్డు జాతీయ రహదారి 44. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా వెళ్లే ఈ రహదారి కేంద్రం పరిధిలోది. ఒక్క చౌరస్తాలో మూడు రోడ్లు, ముగ్గురు యజమానులు. మన నగరాల్లో ట్రాఫిక్ సమస్య ఎందుకు తేలదో రాయమంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఆరాంఘర్ అంటే విశ్రాంతి ఇల్లు అని అర్థం. సాయంత్రం ఆరింటికి అక్కడ ఆగినవాళ్లకు ఆ పేరు వింటే నవ్వొస్తుంది.

మెట్రో: ఐదో ప్రశ్న విలువ ఇక్కడ తెలుస్తుంది

‘ఎయిర్‌పోర్టు మెట్రో ఆరాంఘర్ మీదుగా’ అనే శీర్షిక మీరు చూసే ఉంటారు. దాన్ని ఒక్క వార్తగా చదివితే ఒక్క మార్కు. వరుసగా చదివితే ఒక కథ.

2022 డిసెంబర్ 9న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల మెట్రోకు శంకుస్థాపన చేశారు. అంచనా రూ.6,250 కోట్లు. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం ఆ మార్గాన్ని పక్కన పెట్టింది. ఔటర్ రింగ్ రోడ్డు వెంట వెళ్లే ఆ మార్గం కన్నా జనసాంద్రత ఎక్కువున్న ప్రాంతాల గుండా వెళ్లేది మేలని వాదించింది. నాగోల్, ఎల్‌బీ నగర్, చాంద్రాయణగుట్ట, మైలార్‌దేవ్‌పల్లి, ఆరాంఘర్, రాజేంద్రనగర్‌లోని కొత్త హైకోర్టు ప్రాంగణం మీదుగా శంషాబాద్ విమానాశ్రయానికి 36.8 కిలోమీటర్ల కారిడార్‌ను ప్రతిపాదించింది.

2024 అక్టోబర్ 26న రాష్ట్ర మంత్రివర్గం రెండో దశలో ఐదు కారిడార్లకు ఆమోదం తెలిపింది. మొత్తం 76.4 కిలోమీటర్లు, రూ.24,269 కోట్లు. రాష్ట్రం వాటా 30 శాతం, కేంద్రం వాటా 18 శాతం, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం అప్పు. తర్వాత ప్రతిపాదన కేంద్రానికి వెళ్లింది.

ఇప్పుడు మూడో ప్రశ్న, డబ్బు సంగతి. 2017 నవంబర్‌లో ప్రారంభమైన మొదటి దశ ఈ పద్ధతిలో రాలేదు. అది ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం. ఎల్ అండ్ టీ పెట్టుబడి పెట్టింది, లోటు పూడ్చడానికి కేంద్రం వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ ఇచ్చింది. రెండో దశను కేంద్రం, రాష్ట్రం చెరి సగం భాగస్వాములుగా ఉండే సంస్థ ద్వారా చేపట్టాలన్నది ప్రతిపాదన. ఇంతలో 2025 సెప్టెంబర్‌లో మొదటి దశను కూడా తానే తీసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం ఎల్ అండ్ టీతో సూత్రప్రాయ అంగీకారానికి వచ్చింది. సుమారు రూ.13,000 కోట్ల అప్పు బాధ్యత తీసుకుని, ఈక్విటీ కింద దాదాపు రూ.2,000 కోట్లు చెల్లించడం అందులోని ప్రధానాంశం.

ఈ తేదీలను వరుసగా పెడితే గ్రూప్-1 ఎకానమీ పేపర్‌లో ఒక ప్రశ్నకు సరుకు సిద్ధం: ‘పట్టణ రవాణాలో ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం ఎంతవరకు సఫలమైంది?’ కంపెనీ ఎందుకు బయటికి రావాలనుకుంది, టికెట్ ధర పెంచితే ఎవరు ఎక్కరు, పెంచకపోతే లోటు ఎవరు భరించాలి, ప్రభుత్వం మారితే మార్గం మారడం వల్ల ఎన్నేళ్లు పోయాయి అన్నవి రాయండి. విమర్శ రాయడానికి ఏ పార్టీ పక్షం వహించనక్కర్లేదు. తేదీలే మాట్లాడతాయి.

ఎయిర్‌పోర్టు: ఒప్పందంలో ఒక వాక్యం

ఆరాంఘర్ దాటి ఎన్‌హెచ్-44 మీద వెళ్తే గగన్‌పహాడ్, శంషాబాద్. రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. బేగంపేటలో ప్రయాణికుల సర్వీసులు అప్పుడే ఆగిపోయాయి. విమానాశ్రయ కంపెనీలో రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 13 శాతం వాటా ఉంది. మిగతాది జీఎంఆర్ సంస్థది. విస్తరణ తర్వాత టెర్మినల్ సామర్థ్యం ఏడాదికి 3.4 కోట్ల మంది ప్రయాణికులు.

దీంట్లో పరీక్షకు పనికొచ్చే అసలు విషయం ఒప్పందంలోని ఒక షరతు. విమానాశ్రయం మొదలైన 25 ఏళ్ల దాకా, అంటే 2033 వరకు, 150 కిలోమీటర్ల పరిధిలో మరో విమానాశ్రయం రాకూడదన్నది ఆ షరతు. వరంగల్ మామునూరు ఆ పరిధిలోకే వస్తుంది. అక్కడ నిజాం కాలం నాటి విమానాశ్రయం ఉన్నా, దాన్ని మళ్లీ తెరవాలంటే శంషాబాద్ కంపెనీ నిరభ్యంతరం చెప్పాలి. అది చెప్పాక 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ మామునూరుకు అనుమతి ఇచ్చింది.

ప్రైవేటు కంపెనీ వేల కోట్లు పెట్టాలంటే కొంత భరోసా అడుగుతుంది. ఆ భరోసా ధర వరంగల్ ప్రయాణికుడు ఏళ్ల తరబడి కట్టాడు. ఈ రెండు వాక్యాలు మెయిన్స్ జవాబులో పడితే మిగతా వందల జవాబుపత్రాలకూ మీదానికీ తేడా కనిపిస్తుంది.

పక్కనే ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. 158 కిలోమీటర్ల ఈ రోడ్డును 2023లో రూ.7,380 కోట్లకు 30 ఏళ్ల పాటు ఐఆర్‌బీ సంస్థకు లీజుకు ఇచ్చారు. ప్రభుత్వం కట్టిన రోడ్డును ఒకేసారి సొమ్ము తీసుకుని అప్పగించి, టోల్ వసూలు హక్కు ఇచ్చే పద్ధతి ఇది. దీని పేరు టోల్-ఆపరేట్-ట్రాన్స్‌ఫర్. మెట్రో మొదటి దశ, విమానాశ్రయం, ఔటర్ రింగ్ రోడ్డు: ప్రైవేటు భాగస్వామ్యంలోని మూడు రకాలు ఒకే నగరంలో ఉన్నాయి.

అప్ప చెరువు: ఇక్కడ కాస్త ఆగాలి

2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో కుండపోత వాన. ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా పడింది. గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు గట్టు తెగింది. నీళ్లు ఇళ్ల మీదికి, జాతీయ రహదారి మీదికి దూకాయి. మనుషులు కొట్టుకుపోయారు, ప్రాణాలు పోయాయి. ఎయిర్‌పోర్టుకు వెళ్లే దారి తెగిపోయింది. మీరు రోజూ వెళ్లే రోడ్డు అదే.

దాదాపు నాలుగేళ్ల తర్వాత, 2024 ఆగస్టు చివరి రోజున, అదే అప్ప చెరువులో ఆక్రమణలను హైడ్రా కూల్చింది. హైడ్రాను అంతకు దాదాపు నెలన్నర ముందు, 2024 జూలై 19న, జీవో 99తో ఏర్పాటు చేశారు. ఔటర్ రింగ్ రోడ్డు దాకా దీని పరిధి. జీవోతో పుట్టిన సంస్థకు కూల్చే అధికారం ఎక్కడిదన్న ప్రశ్న హైకోర్టులో వచ్చింది. 2024 అక్టోబర్‌లో ఆర్డినెన్స్ ద్వారా జీహెచ్‌ఎంసీ చట్టంలో 374-బి సెక్షన్ చేర్చి ఆ అధికారానికి చట్టబద్ధత తెచ్చారు.

ఈ రెండు వార్తల మధ్య ఎంత సిలబస్ ఉందో చూడండి.

పాలిటీ: జీవోకు, ఆర్డినెన్స్‌కు, చట్టానికి తేడా ఏమిటి? గవర్నర్ ఆర్డినెన్స్ జారీ చేసేది 213వ అధికరణ కింద. సభ సమావేశమయ్యాక ఆరు వారాల్లో ఆమోదం పొందకపోతే అది రద్దవుతుంది. నీరు, నీటి నిల్వ, భూమి రాష్ట్ర జాబితాలోని అంశాలు.

విపత్తు నిర్వహణ: పట్టణ వరదలపై జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టాన్ని 2025లో సవరించి, రాష్ట్ర రాజధానులకు, నగర పాలక సంస్థలున్న పట్టణాలకు ప్రత్యేక పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలు పెట్టుకునే వీలు కల్పించారు.

పర్యావరణం: ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పుడు నీరు చేరే గరిష్ఠ హద్దు. దాని బయట పది హెక్టార్లకు పైబడిన చెరువులకు 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్‌గా వదలాలని 2012 నాటి భవన నిబంధనలు చెబుతున్నాయి.

న్యాయం, నైతికత: కూల్చిన ఇళ్లలో అప్పు చేసి కొనుక్కున్నవాళ్లు ఉంటారు. రిజిస్ట్రేషన్ చేసింది ప్రభుత్వమే, కరెంటు మీటర్ ఇచ్చిందీ ప్రభుత్వ సంస్థే, చివరికి కూల్చిందీ ప్రభుత్వమే. 300-ఎ అధికరణ ప్రకారం చట్టబద్ధంగా తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదు. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు కూల్చివేతలకు ముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని ఆదేశించింది. అయితే రోడ్లు, ఫుట్‌పాత్‌లు, నదులు, చెరువుల వంటి చోట్ల అనధికార కట్టడాలకు ఆ ఆదేశం వర్తించదని కూడా అదే తీర్పులో చెప్పింది. మొదటి వాక్యం మాత్రమే చదివినవాళ్లు ప్రిలిమ్స్‌లో తప్పు ఆప్షన్ పెడతారు.

నాలుగో ప్రశ్నను ఇక్కడ వదిలేయకండి. గట్టు కింద బస్తీలో ఉన్నవాళ్లకు చెరువు కబ్జా ప్రాణగండం. చెరువులో ప్లాటు కొన్నవాళ్లకు కూల్చివేత జీవితకాలపు నష్టం. ఇద్దరి వైపు నుంచీ రాయగలిగినవాళ్లే రేపు ఆ ఊరికి అధికారిగా వెళ్తే సరిగ్గా పనిచేయగలరన్నది పరీక్ష పెట్టేవాళ్ల నమ్మకం. నాలుగో జనరల్ స్టడీస్ పేపర్‌లో వచ్చే కేస్ స్టడీలు దాదాపు ఇలాంటివే.

హైకోర్టు, గ్రేటర్ విస్తరణ: క్లుప్తంగా

2024 మార్చి 27న రాజేంద్రనగర్‌లో తెలంగాణ హైకోర్టు కొత్త భవనాలకు అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి డీవై చంద్రచూడ్ శంకుస్థాపన చేశారు. కేటాయించింది 100 ఎకరాలు. వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల భూమి ఇవ్వడంపై విద్యార్థులు ఆందోళన చేశారు. స్టాటిక్ భాగం: ప్రతి రాష్ట్రానికీ హైకోర్టు ఉండాలనేది 214వ అధికరణ, రెండు రాష్ట్రాలకు ఒకే హైకోర్టు ఉండొచ్చనేది 231. రాష్ట్ర విభజన తర్వాత 2018 చివరి దాకా మనకు ఉమ్మడి హైకోర్టే ఉంది. 2019 జనవరి 1 నుంచి వేరయ్యాయి.

2025 డిసెంబర్‌లో ఔటర్ లోపలి, దానికి ఆనుకుని ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్‌ఎంసీలో కలిపారు. శంషాబాద్ కూడా అందులో ఉంది. దీనికి జోడించాల్సింది 74వ సవరణ: 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, 12వ షెడ్యూల్‌లో 18 అంశాలు. నగరం పెద్దదైతే పాలన జనానికి దగ్గరవుతుందా, దూరమవుతుందా అన్నది వ్యాస ప్రశ్న కాగలదు. సరిహద్దులు, వార్డుల లెక్క మారుతూ ఉంటాయి కాబట్టి పరీక్షకు నెల ముందు ఈ పేజీని మళ్లీ సరిచూసుకోండి.

ఒక ప్రిలిమ్స్ ప్రశ్న, ఒక మెయిన్స్ ప్రశ్న

ఇప్పుడు పరీక్షించుకోండి. కింది వాక్యాల్లో ఎన్ని సరైనవి?

1. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న మున్సిపాలిటీల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం చెబుతోంది.
2. దేశంలోని అన్ని విమానాశ్రయాల ఛార్జీలనూ విమానాశ్రయాల ఆర్థిక నియంత్రణ సంస్థ నిర్ణయిస్తుంది.
3. హైకోర్టుల ఏర్పాటు, నిర్మాణం ఉమ్మడి జాబితాలోని అంశం.

జవాబు: ఒక్కటే. మొదటిది సరైనది, 243-ఎస్ అధికరణ. రెండోదాంట్లో ‘అన్ని’ అనే మాట తప్పు. ఆ సంస్థ పని ప్రధాన విమానాశ్రయాల వరకే. 2019 సవరణ తర్వాత ఏడాదికి 35 లక్షల మందికి మించి ప్రయాణికులు వచ్చేవి ప్రధాన విమానాశ్రయాల కిందికి వస్తాయి. మూడోది తప్పు. హైకోర్టుల ఏర్పాటు కేంద్ర జాబితాలో 78వ అంశం. ఉమ్మడి జాబితాలో ఉన్నది సుప్రీంకోర్టు, హైకోర్టులు మినహా మిగతా కోర్టుల ఏర్పాటు.

మెయిన్స్ ప్రశ్న: ‘పట్టణ వరదలు ప్రకృతి విపత్తు కన్నా పాలనా లోపం. చర్చించండి.’ 250 పదాలు, 15 మార్కులు. జనరల్ స్టడీస్ పేపర్‌లో మూడు గంటల్లో 20 ప్రశ్నలు రాయాలి. అంటే సగటున ఒక్కోదానికి తొమ్మిది నిమిషాలు. కొత్తగా ఆలోచించే తీరిక ఉండదు. జవాబు ఈ వరుసలో పెట్టుకోండి: 2020 అక్టోబర్ ఘటన రెండు వాక్యాల్లో. ప్రకృతి పాత్ర: తక్కువ సమయంలో ఎక్కువ వాన. పాలన పాత్ర: గొలుసుకట్టు చెరువుల మధ్య నాలాలు పూడిపోవడం, బఫర్‌లో అనుమతులు, శాఖల మధ్య సమన్వయ లేమి. తీసుకున్న చర్యలు: 2010 మార్గదర్శకాలు, 2025 సవరణ, హైడ్రా. వాటి పరిమితులు: పునరావాసం, నోటీసులు, అనుమతులిచ్చిన అధికారుల జవాబుదారీ. చివర్లో రెండు సూచనలు. దీన్ని ఈ రాత్రే గడియారం పెట్టుకుని రాయండి.

తెలుగు మీడియం అభ్యర్థులకు ఒక హెచ్చరిక

సివిల్స్ మెయిన్స్ తెలుగులో రాయొచ్చు, ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వొచ్చు. కానీ ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. తెలుగులో మాత్రమే చదివినవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. విషయం తెలుసు, కానీ ప్రశ్నలోని పదం తెలియదు. అందుకే నోట్‌బుక్‌లో ప్రతి పేజీ కింద ఆ వార్తలోని ఐదారు పారిభాషిక పదాలను రెండు భాషల్లో రాసుకోండి. ‘ఉమ్మడి జాబితా’ పక్కన ఇంగ్లిష్ మాట, ‘బఫర్ జోన్’ పక్కన తెలుగు వివరణ. రోజుకు ఐదు చొప్పున ఏడాదికి 1,800 దాటుతాయి. మెయిన్స్‌లో ఇంగ్లిష్ అర్హత పేపర్ కూడా ఉంటుంది. అందులో 25 శాతం రాకపోతే మిగతా పేపర్లను దిద్దరు. గ్రూప్-1లో ప్రిలిమ్స్ నుంచే, గ్రూప్-2లోనూ తెలుగులో ప్రశ్నలు ఇస్తున్నా, ఈ అలవాటు అక్కడా అక్కరకొస్తుంది.

ఏది చదవాలి? ఏది వదిలేయాలి?

రోజుకు ఒక పత్రిక, గంటన్నర. అంతకు మించి వద్దు. నాయకుల మాటల యుద్ధాలు, నేర వార్తలు, సినిమా, ఎవరు ఏ పార్టీలో చేరారన్నవి వదిలేయండి. మంత్రివర్గ నిర్ణయాలు, కోర్టు తీర్పులు, కొత్త చట్టాలు, నివేదికలు, మీ జిల్లా ప్రాజెక్టులు చదవండి.

అంకెల కోసం మూలానికి వెళ్లండి. పత్రికా సమాచార కార్యాలయం, అంటే పీఐబీ, ప్రకటనలు తెలుగులోనూ వస్తాయి. తెలంగాణ జీవోలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. బడ్జెట్ ముందు వచ్చే కేంద్ర ఆర్థిక సర్వే, రాష్ట్ర సామాజిక ఆర్థిక నివేదిక తప్పక చూడాలి. కేంద్ర ప్రభుత్వ పత్రిక ‘యోజన’ తెలుగులో ఉంది. టీ-శాట్ నిపుణ ఛానల్లో పోటీ పరీక్షల పాఠాలు ఉచితం.

వాట్సాప్‌లో వచ్చే ‘కేంద్రం కొత్త పథకం’ ఫార్వర్డ్‌ను నోట్‌బుక్‌లోకి ఎక్కించే ముందు పీఐబీ ఫ్యాక్ట్ చెక్‌లో చూడండి. ఒక్క తప్పు అంకె మెదడులో కూర్చుంటే తీయడం కష్టం. నెలవారీ మ్యాగజైన్ ఒక్కటి చాలు. నాలుగు మ్యాగజైన్లు ఒక్కోసారి తిరగేయడం కన్నా ఒక్కదాన్ని నాలుగుసార్లు చదవడం మేలు.

డబ్బు ఇబ్బందిగా ఉంటే?

కోచింగ్ ఫీజు, హాస్టల్ ఖర్చు కట్టలేక మధ్యలో మానేసేవాళ్లు చాలామంది. ఎస్సీ, బీసీ, మైనారిటీ స్టడీ సర్కిళ్లలో రాష్ట్ర ప్రభుత్వం ఉచిత శిక్షణ ఇస్తోంది. ప్రవేశ పరీక్ష ప్రకటనల కోసం ఆ శాఖల వెబ్‌సైట్లు చూస్తుండండి.

సివిల్స్ ప్రిలిమ్స్ దాటిన తెలంగాణ అభ్యర్థులకు ‘రాజీవ్ గాంధీ సివిల్స్ అభయహస్తం’ కింద సింగరేణి సంస్థ ద్వారా లక్ష రూపాయలు ఇస్తారు. ఈ పథకం 2024 జూలైలో మొదలైంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఈడబ్ల్యూఎస్ వర్గాలకు చెంది, కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.8 లక్షల లోపు ఉన్నవాళ్లు అర్హులు. ప్రిలిమ్స్ ఫలితాలు వచ్చిన వెంటనే దరఖాస్తు గడువు మొదలవుతుంది కాబట్టి ఆదాయ, కుల, నివాస ధ్రువపత్రాలు ముందే తీసి పెట్టుకోండి.

చివరగా, ఆ ప్రహరీ గోడ

మొదట్లో చెప్పిన ప్రహరీ గోడ సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీది. 1948లో మౌంట్ అబూలో మొదలైన ఈ సంస్థ 1975లో హైదరాబాద్ శివరాంపల్లికి వచ్చింది. దేశంలో ఐపీఎస్‌కు ఎంపికైన ప్రతి ఒక్కరూ శిక్షణకు ఇక్కడికే వస్తారు. దానికి కాస్త దూరంలో, రాజేంద్రనగర్‌లో, జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉంది. అకాడమీ గేటు బయట నుంచి రోజూ బస్సులో వెళ్లేవాళ్లలో కొందరు ఏదో ఒక ఏడాది లోపలికి వెళ్తారు.

రేపు బస్సెక్కినప్పుడు ఒక పని చేయండి. ఫోన్ జేబులో పెట్టి, కిటికీలోంచి కనిపించే ఒక్కదాన్ని ఎంచుకోండి. మీది ఆరాంఘర్ కాకపోవచ్చు. విజయవాడ బెంజ్ సర్కిల్ కావచ్చు, కరీంనగర్ బస్టాండ్ కావచ్చు, మీ మండల కేంద్రంలోని చెరువు గట్టు కావచ్చు. ఐదు ప్రశ్నలు వేసుకుని సాయంత్రానికి ఒక పేజీ రాయండి. వంద రోజుల్లో వంద పేజీలవుతాయి. ఆ నోట్‌బుక్ మీ రెండు కళ్లతో తయారైంది కాబట్టి పరీక్ష హాల్లో మరచిపోరు.